ఎత్తడానికేమీ లేని చోటు

నాకు నోరెక్కువని మా వీధిలో అందరికీ తెలుసు. ఇళ్ళు మారేవాళ్ళ సామాను సర్ది, లారీకెక్కించి, కొత్త ఇంట్లో దించే వ్యాపారం మాది. అందులో ఫోను దగ్గర కూర్చునేది నేను. బీరువా మెట్ల మలుపులో ఇరుక్కుందని ఒకాయన, లారీ ఇంకా రాలేదని ఇంకొకాయన, అద్దానికి గీత పడిందని మరొకావిడ, షట్టరు లేచిన దగ్గర్నుంచి దిగేదాకా నా చెవి కొరుక్కు తింటూనే ఉంటారు. అలాంటి చోట నోరు లేకపోతే గడవదు. కాబట్టి ఆ వానాకాలం మా ఇంట్లో జరిగింది చెబుతుంటే నేను కొంచెం గొప్పలు పోతున్నానని మీకు అనిపించవచ్చు. అనిపిస్తే అనిపించనివ్వండి. గొప్పే మరి.

మా మామగారిని అందరూ మేస్త్రీ అంటారు. ఎండాకాలం చివర ఒక మేడ మీంచి ఇనుప బీరువా దించుతుంటే ఆయన నడుము పట్టేసింది. బీరువా కింద మా ఆయన, పైన మా మరిది పహిల్వాను, పక్కన మామయ్య. మా పనిలో నాలుగు మాటలున్నాయి: పట్టు, లేపు, దించు, చేతులు. ఆ మాటలు ఒక్కరే అనాలి. ఎవరంటే వాళ్ళే ఆ బరువుకి పెద్ద. చివరిదైన 'చేతులు' వినబడిందంటే ఎక్కడి చెయ్యి అక్కడ తీసెయ్యాలి, వేలు కూడా కింద ఉండకూడదు. నడుములో అంత పోటు వచ్చినా మామయ్య నోట మూలుగు కూడా రాలేదట. బీరువా నేలకి ఆనేదాకా ఓర్చుకుని, 'చేతులు' అని, ఆ తర్వాతే మెట్టు మీద కూలబడ్డారట. ఈ మాట చెబుతూ మా ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుగులో పెట్టి చూపించాడు. "ఇంకొక్కసారి బరువెత్తారంటే ఆపరేషనే. ఆ తర్వాత మీరు లేచి నడుస్తారని నేను మాటివ్వలేను" అన్నాడు. మామయ్య బుద్ధిమంతుడిలా తల ఊపారు. ఇంటికి రాగానే గుమ్మంలో అడ్డంగా ఉన్న గ్యాసు సిలిండరు ఎత్తి వంటింట్లో పెట్టారు.

మర్నాడు అత్తయ్య మా కొట్టుకి వచ్చి నా బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కొట్లో ఉంచితే బీరువాలెత్తుతారు. ఇంట్లో ఉంచితే సిలిండర్లెత్తుతారు. ఎవరింటికైనా పంపితే వాళ్ళ కుర్చీలు సర్దుతారు. ఎత్తడానికేమీ లేని చోటు ఎక్కడైనా ఉందేమో చూడవే" అంది.

"అలాంటి చోటు ఎక్కడుంటుంది అత్తయ్యా?"

"సముద్రం మధ్యలో" అంది వెంటనే. అప్పటికే ఆలోచించి పెట్టుకుందన్నమాట. "పెద్ద ఓడల్లో తిప్పుతారట కదా, టీవీలో చూశాను. మంచాలు, బల్లలు అన్నీ నేలకి బిగించేసి ఉంటాయట. ఇక ఈయన ఏమెత్తుతారో నేనూ చూస్తాను."

వానలు పడ్డాక ఇళ్ళు మారేవాళ్ళు తక్కువ. మాకది ఖాళీ కాలం. అయినా షట్టరు దించి అందరం కలిసి ఊరు దాటింది ఎన్నడూ లేదు. మామయ్య మొదట పెదవి విరిచారు. "ఓడలో కూర్చుని ఏం చెయ్యాలి?" అన్నారు. "నన్ను చూస్తూ కూర్చోండి" అంది అత్తయ్య. అంతటితో ఆయన సరేనన్నారు. టిక్కెట్లవీ నేను చూస్తానన్నాను.

"చూడు కానీ, ఇది ఫోన్లో మాట్లాడినంత తేలిక కాదమ్మాయ్" అన్నారు మామయ్య. "సామాను కదిలించడం ఒకెత్తు, మనుషుల్ని కదిలించడం ఇంకొకెత్తు."

ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. ఎందుకంటే డాక్టరు బరువెత్తొద్దన్న రోజు నుంచీ ఇంట్లో ఎవరూ పైకి అనని ప్రశ్న ఒకటుంది, ఇకమీదట మేస్త్రీ ఎవరు అని. మా ఆయనకి లారీ తోలడం వచ్చు, నోరు విప్పి నలుగురికి పని చెప్పడం రాదు. పహిల్వానుకి కండలున్నాయి, ఆ సంగతి అతనికే అందరికంటే బాగా తెలుసు. కోడలి పేరు ఎవరి తలలోనూ లేదు. నా తలలో ఉంది. అబద్ధమెందుకు?

ఓడ బయల్దేరే ఊరికి నేరుగా విమానం లేదు. మధ్యలో ఒకచోట దిగి ఇంకోటి ఎక్కాలి. ఓడ కదిలే రోజు పొద్దున్నే దిగేలా ఒకటుంది, అది చాలదా అన్నారు మా ఆయన. నేను ముందురోజుదే తీసుకున్నాను. మన లారీ ఆలస్యమైతే ఇంటివాళ్ళు తిట్టుకుంటూనైనా గుమ్మంలో నిలబడి ఉంటారు, ఓడ నిలబడుతుందా అని అడిగాను. మామయ్యకి చక్రాల కుర్చీ చెబుదామా అంటే మాత్రం, "నన్ను కూడా లగేజీలో కలిపేస్తావా?" అని లేచి వెళ్ళిపోయారు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

అసలు తలనొప్పి సీట్ల దగ్గర మొదలైంది. కొట్లో కంప్యూటరు ముందు అత్తయ్యా నేనూ కూర్చున్నాం. తెర మీద విమానం బొమ్మ, అందులో చిన్న చిన్న గళ్ళు. మామయ్య మధ్యమధ్యలో లేచి నడవాలని డాక్టరు చెప్పాడు కాబట్టి, దారి పక్కన ఉన్న గడి నొక్కబోయాను. అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది.

"దారి పక్కన కూర్చోబెట్టావంటే అయిపోయింది. పైన అరలో ఎవరి బ్యాగు పెట్టాలన్నా లేచేది ఈయనే. విమానం మొత్తం సర్దేస్తారు."

నిజమే. నాకు తట్టనే లేదు. "పోనీ కిటికీ పక్కన?"

"మీ ఇద్దర్నీ దాటుకుని రావాలని అస్సలు లేవరు. దిగేటప్పటికి కర్రలా బిగుసుకుపోతారు. అయినా కిటికీ నాది."

"మధ్యలో వేద్దామా?"

"పక్కన పహిల్వాను భుజాలుంటే ఆయన ఊపిరెలా తీసుకుంటారే?"

గడి మార్చి గడి నొక్కాం. ఒకసారి పొరపాటున పహిల్వాన్ని తీసుకెళ్ళి మరుగుదొడ్డి పక్కన పడేశాం, చూసుకుని ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతుండగానే నాకు దారి దొరికింది. సీటు దారి పక్కనే ఉండనిద్దాం. కానీ మామయ్యని అందరికంటే చివర ఎక్కిస్తాను. బ్యాగులన్నీ పైకెక్కి, అరల మూతలు పడ్డాకే లోపలికి తీసుకొస్తాను. ఎత్తడానికి ఏమీ మిగలదు.

అత్తయ్య నావైపు ఎగాదిగా చూసింది. "ఇంత జిత్తులమారితనం ఎక్కడ నేర్చావే?"

"మీ ఇంటికొచ్చాకే" అన్నాను.

పెట్టెలు సర్దే రోజు మాత్రం నేను ఓడిపోయాను. హాల్లో మామయ్య కుర్చీలో కూర్చుని ఉన్నారు, నల్ల మార్కరు చెవి వెనక దోపుకుని, ఇల్లు ఖాళీ చేయిస్తున్నప్పుడు ఉన్నట్టే. చుట్టూ పెట్టెలన్నీ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. మా పద్ధతిలో ఏ రకానికి ఆ రకం పెట్టె. వంటగిన్నెలన్నీ ఒకదాంట్లో, పుస్తకాలన్నీ ఒకదాంట్లో. ఆయన మా బట్టలనీ అలాగే సర్దిస్తున్నారు. చొక్కాలూ ప్యాంట్లూ ఒక పెట్టె. చీరలు ఒక పెట్టె. తువ్వాళ్ళూ లోపలి బట్టలూ ఇంకొకటి. సబ్బులు, నూనెలు, మందులు వేరే. అందరి చెప్పులూ బూట్లూ, ఇస్త్రీపెట్టె, ఫ్లాస్కు, అలాంటి బరువైనవన్నీ కలిపి ఆఖరిది. దాని మీద 'చెప్పులు, బరువు' అని పెద్ద అక్షరాలతో రాశారు.

"మామయ్యా, మనం ఇల్లు మారట్లేదు కదా. ఎవరి పెట్టె వాళ్ళకుంటే మంచిది. రేపు వీటిలో ఒక్కటి రాలేదనుకోండి, అందరం కాళ్ళకి చెప్పుల్లేకుండా ఓడ ఎక్కాలి."

"నేను సర్దిన పెట్టె రాకపోవడం ఎక్కడైనా విన్నావా?"

"అక్కడ మోసేది మనం కాదు కదా."

ఆయన మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. అత్తయ్య వంటింటి గుమ్మంలోంచి నాకు వద్దన్నట్టు కళ్ళతో సైగ చేసింది. అప్పుడు నాకూ అర్థమైంది. వంగకూడదు, ఎత్తకూడదు, మెట్లెక్కకూడదు. కుర్చీలో కూర్చుని ఏది ఎందులో పెట్టాలో చెప్పడం ఒక్కటే ఆయనకి మిగిలింది. దాన్ని కూడా లాక్కుంటే ఇక ఆయనకి ఏముంది? నేను నోరు మూసుకుని సాక్సులు మడతపెట్టాను.

మా ఇంట్లో తూకం మిషను లేదు. మామయ్య ఏ పెట్టెనైనా ఒక మూల పట్టి కాస్త పైకి లేపి చూసి బరువు చెప్పేవారు, అది ఎప్పుడూ తప్పేది కాదు. ఇప్పుడాయన ముట్టుకోకూడదు కాబట్టి ఆ పని పహిల్వానుకి అప్పజెప్పారు. పహిల్వాను ప్రతి పెట్టెనీ ఒంటిచేత్తో లేపి, "దూదిలా ఉంది నాన్నా" అన్నాడు. చెప్పుల పెట్టెనీ లేపాడు. అదీ దూదేనన్నాడు. మామయ్య మార్కరు మూత పెట్టేశారు.

విమానాశ్రయంలో కౌంటరు ముందు పెద్ద వరుస. మా వంతు వచ్చింది. పెట్టెలన్నీ ఒక్కొక్కటే బెల్టు మీదికెక్కి వెళ్ళిపోయాయి. మామయ్య ప్రతిదాన్నీ కళ్ళతో సాగనంపుతున్నారు. చివరిది, చెప్పుల పెట్టె, ఎక్కించగానే ఎర్ర అంకెలు వెలిగాయి. కౌంటరు అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

"ఇది వెళ్ళదండీ."

"ఎక్కువైనదానికి కట్టమంటే కడతాం తల్లీ" అన్నారు మామయ్య.

"కట్టినా కుదరదండీ. ఒక్క పెట్టెలో ఇంత బరువు ఉండకూడదు. లోపల ఎత్తేది మనుషులే కదా, వాళ్ళ నడుములు పోతాయి. అందుకే ఈ రూలు."

మామయ్యకి వినపడలేదేమో అనుకున్నాను. వినపడింది. "ఎవరి నడుములు?" అన్నారు.

"లోడింగ్ వాళ్ళవండీ."

ఆయన ఆ అమ్మాయి వంకే చూస్తూ ఉండిపోయారు. పియానోలు, ఫ్రిజ్జులు, రాతి బల్లలు మోసిన మనిషి. ఆయన నడుము కోసం ఎవరూ ఏ రూలూ పెట్టలేదు. పెట్టొచ్చని కూడా ఆయనకెప్పుడూ తోచి ఉండదు.

వెనక వరుసలో ఎవరో గట్టిగా నిట్టూర్చారు. "కాస్త త్వరగా కానివ్వండి" అన్నారు ఇంకెవరో. మా ఆయన తమ్ముడి వైపు చూశారు. తమ్ముడు తండ్రి వైపు చూశాడు. ఇద్దరికీ అలవాటు అదే, మేస్త్రీ మాట వచ్చేదాకా కాలు చెయ్యి ఆడదు. మామయ్య మాత్రం తన పెట్టె వల్ల పదిమంది ఆగిపోయారన్న సిగ్గుతో గబుక్కున ముందుకొచ్చి, వంగి, రెండు చేతులూ పిడి మీద వేశారు.

"చేతులు" అన్నాను.

అరవలేదు. కొట్లో వినీ వినీ నాకు పట్టుబడిన ఆ గొంతుతోనే అన్నాను. మా ఆయన చేతులు లేచాయి. పహిల్వాను చేతులు లేచాయి. మామయ్య చేతులు కూడా పిడి మీంచి లేచాయి. తర్వాత చాలాసార్లు ఆలోచించాను, ఆయన నన్ను విన్నారా, ఆ మాటని విన్నారా అని. ముందు ఆ మాటనే విని ఉంటారు. తల తిప్పి చూశాక, అన్నది నేనని తెలిసింది.

అక్కడ ఆగితే ఆయన మళ్ళీ వంగుతారని నాకు తెలుసు. అందుకే ఆగలేదు. "పహిల్వాన్, పట్టు. లేపు. గోడ పక్కకి. దించు. చేతులు. అమ్మా, మిగతా పెట్టెలు కూడా ఒకసారి వెనక్కి రప్పించగలరా? ఏమండీ, వాటిని ఇటు వరసగా పెట్టండి. అత్తయ్యా, మీరు మందుల సంగతి చూడండి."

నేల మీద పెట్టెలన్నీ తెరిచాం. ఇంటివాళ్ళు చూస్తుండగా సామాను సర్దడం మాకు కొత్తేమీ కాదు, ఆ ఇంటివాళ్ళం మేమే కావడం కొత్త. ఈసారి ఎవరి పెట్టె వాళ్ళకే. మామయ్య చొక్కాలు, మామయ్య తువ్వాలు, మామయ్య బూట్లు ఒకదాంట్లోకి. నేను పేరు చెబుతుంటే వాళ్ళ చేతులు అందిస్తున్నాయి, మూలలు నింపుతున్నాయి, ఎక్కడా ఒకరి చెయ్యి ఒకరికి తగలడం లేదు. చెప్పుల పెట్టె అడుగున మోకులు, పట్టీలు, ఒక సుత్తి బయటపడ్డాయి. వరుసలో జనం నవ్వారు.

"ఓడవాళ్ళ దగ్గర తాళ్ళుండవా నాన్నా?" అన్నాడు పహిల్వాను.

"ఉన్నా అవి ఎలాంటివో ఏమో" అన్నారు మామయ్య. అప్పటికి ఆయన నిటారుగా నిలబడి ఉన్నారు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని ఉన్నారు. ఎదురుగా పని జరుగుతుంటే ఆయన అలా నిలబడడం నేనెప్పుడూ చూడలేదు. కాసేపు చూసి, నా పక్కకొచ్చి, నాకు మాత్రమే వినబడేలా అన్నారు. "ఇస్త్రీపెట్టె కింద ఒక తువ్వాలు వెయ్యమని చెప్పమ్మా."

కొడుకులిద్దరూ ఆయన కాళ్ళ దగ్గరే కూర్చుని ఉన్నారు. వాళ్ళతో చెప్పలేదు, నాతో చెప్పారు. నేను వాళ్ళతో చెప్పాను. వాళ్ళు వేశారు.

మోకులు పహిల్వాను పెట్టెలోకి పోయాయి, దూదిలాంటివి కదా అని. ఈసారి ఏ పెట్టెకీ ఎర్ర అంకె వెలగలేదు. మేము లేచేసరికి మా వెనకాయన తన పెట్టె పట్టుకుని మొహమాటంగా నిలబడ్డాడు. "అమ్మా, నాది కూడా ఎక్కువొచ్చేలా ఉంది. మీవాళ్ళు కాస్త సర్దిపెడతారా?" అని నన్నడిగాడు. పక్కనే అంత పెద్దాయన ఉండగా నన్నే అడిగాడు. సర్దిపెట్టాం. ఆయన వెనకావిడది కూడా సర్దిపెట్టాం. కౌంటరు అమ్మాయి మమ్మల్ని పంపిస్తూ, "మీరు రోజూ రండి" అంది.

విమానం దగ్గర అనుకున్నట్టే మామయ్యని చివరిదాకా ఆపాను. "ముందెక్కితే కదా కుదురుగా సర్దుకునేది" అని ఆయన గొణిగారు కానీ, నేను కూర్చోండి అంటే కూర్చున్నారు. మేము ఎక్కేసరికి మూతలన్నీ పడ్డాయి. నా తెలివికి నేనే మురిసిపోతుంటే, మా కంటే ఆలస్యంగా ఒక పెద్దావిడ రొప్పుకుంటూ వచ్చి సరిగ్గా మామయ్య పక్కనే నిలబడింది, చేతిలో ఇంతేసి బ్యాగు. మామయ్య ఆ బ్యాగు చూశారు. పైన అర చూశారు. తర్వాత రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని, దారికి అవతల ఉన్న నావైపు చూశారు. నేను వెనక్కి తిరిగి పహిల్వాన్ని పిలిచాను.

"చక్రాలు లోపలికి ఉండేలా పెట్టాడా?" అన్నారు మామయ్య, మెడ తిప్పకుండా.

"పెట్టాడు మామయ్యా."

"అయితే సరే" అని కళ్ళు మూసుకున్నారు.

మర్నాడు ఓడ ఎక్కాం. అక్కడ పెట్టెలు మన చేతిలో ఉండవు. రేవులోనే తీసుకుని, సాయంత్రానికి ఎవరి గది ముందు వాళ్ళవి పెట్టి పోతారు. అత్తయ్య కిటికీలోంచి సముద్రం చూస్తూ కదలనంది. మామయ్య మాత్రం మా పెట్టెలన్నీ వచ్చేదాకా తలుపు దగ్గరే నిలబడ్డారు. చివరి పెట్టె తెచ్చిన అతన్ని ఆపి, "నడుము వంచకు బాబూ, మోకాళ్ళు వంచు. ఇప్పుడు తెలీదు" అన్నారు. అతను నవ్వి, నమస్కారం పెట్టి, నిజంగానే మోకాళ్ళు వంచి దించాడు. మామయ్య లోపలికొచ్చి పడుకున్నారు. పొద్దుండగా ఆయన పడుకోవడం మా ఆయన కూడా ఎరగనన్నారు.

ఆ రాత్రి భోజనాలకి మా బల్ల దగ్గర ఇంకో జంటని కూర్చోబెట్టారు. ఆయన పళ్ళ డాక్టరు. కలుపుగోలు మనిషి, సూపు వచ్చేలోపే పహిల్వాను జబ్బలు మెచ్చుకున్నాడు, అత్తయ్యని కడుపులో తిప్పుతోందా అని అడిగాడు. తర్వాత అందరినీ చూసి, "మీరంతా ఏం చేస్తుంటారండీ?" అన్నాడు.

ఇలాంటి ప్రశ్న వస్తే మా ఇంట్లో అందరి తలలూ మామయ్య వైపు తిరుగుతాయి. తిరిగాయి. ఆయన చెంచా తుడుచుకుంటున్నారు.

"ఇళ్ళు మార్చే కంపెనీ" అన్నారు. "ఈవిడ నడుపుతుంది." చెంచా నావైపు చూపించారు.

డాక్టరు నన్ను కొత్తగా చూశాడు. నేను మా ఆయన్ని చూశాను. మా ఆయన నవ్వుతున్నారు. జోకేస్తున్నారేమోనని మామయ్య మొహం చూశాను, అందులో జోకేమీ లేదు.

"మరి మీరండీ?" అన్నాడు డాక్టరు.

"నేను ఈవిడ దగ్గర పనిచేస్తాను. ఇప్పుడు సెలవు మీదున్నాను."

"ఎన్నాళ్ళు సెలవు?"

"అది నాకెలా తెలుస్తుంది? ఇచ్చినావిడనే అడగాలి" అన్నారు మామయ్య, నావైపు చూస్తూ. మాటవరసకి అనడం కాదు, నిజంగానే అడుగుతున్నారు. కళ్ళలో తడి ఉంది, నా కళ్ళలోనూ ఉంది. అత్తయ్య తలొంచుకుని చేతి రుమాలు మడతపెడుతోంది.

"ఓడ దిగేదాకా" అన్నాను. "దిగాక మీరు కొట్లో ఫోను దగ్గర కూర్చోవాలి మామయ్యా. లారీల దగ్గరికి నేను వెళ్తాను."

"కుర్చీలోంచి లేవకూడదా?"

"లేవకూడదు."

"అలాగే మేస్త్రీ" అన్నారు మామయ్య, సూపు గిన్నె దగ్గరికి లాక్కుంటూ.